రంగూన్ జాబితాలో చివరి గడి

1991 పుష్కరాలకి ముందు ఒకావిడ నన్ను ఒక పేరు అడిగింది. ఆ పేరు నాకు తెలుసు. తెలిసీ లేదని చెప్పాను. ఇన్నేళ్ళలో ఈ సంగతి నా భార్యకి కూడా పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది ఎవరినో భయపెట్టడానికి కాదు. అప్పుడు మింగేసిన మాటని, ఆ తర్వాత జరిగినదాన్ని, ఉన్నదున్నట్టు ఒకచోట పెట్టాలని.

దెయ్యాల సంగతి ముందే చెప్పేస్తాను. నేను పనిచేసింది రెవెన్యూ ఆఫీసు రికార్డు రూములో. వందేళ్ళ నాటి కట్టల మధ్య కూర్చుని, ఎప్పుడో పోయినవాళ్ళ పేర్ల పక్కనే క్యారేజీ విప్పుకుని అన్నం తినేవాణ్ణి. ఆ గదిలో నాకు కనిపించినవి చెదలు, ఎలుకలు, ఒకసారి ఒక జెర్రిపోతు. అంతకుమించి ఏదైనా ఉందని ఎవరన్నా చెబితే నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వను. నమ్ముతానని కూడా చెప్పలేను.

మాది నిడదవోలు దగ్గర పల్లెటూరు. కరణాల పద్ధతి పోయాక చుట్టుపక్కల ఊళ్ళ పాత కట్టలన్నీ మా ఆఫీసుకి చేరాయి. వాటిని చదవగలిగినవాళ్ళు మాత్రం తక్కువ. పాత కరణాలు కలం ఎత్తకుండా ఒక అక్షరానికి ఇంకో అక్షరం తగిలిస్తూ రాసేవారు. దాన్ని గొలుసుకట్టు అంటారు. అది ఊరికే చూస్తే అర్థమయ్యేది కాదు. వేలు పెట్టి గీత వెంట పోతూ, పైకి పలుకుతూ చదవాలి. కంటికి అందనిది ఒక్కోసారి నోటికి అందుతుంది. మా ఊరి చివరి కరణంగారి దగ్గర చిన్నప్పుడు నాకు ఆ విద్య అబ్బింది. అందుకని ముత్తాతల ఊరేదో, ఇంటిపేరు ఎక్కడ మారిందో, ఏ ఏడు వలస వచ్చారో తెలుసుకోవాలనుకునేవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. నాకూ అదంటే సరదా.

ఆవిడ వచ్చినప్పుడు నాట్లు పడుతున్నాయి. యాభై దాటిన మనిషి, చేతిలో ప్లాస్టిక్ కవరు.

"పాత రాతలు చదివే బాబు మీరేనా అండి?"

అవునన్నాను. పేరు నూకరత్నం అని చెప్పింది. ఉండేది రాజమండ్రిలో. బర్మా నుంచి వచ్చేసినవాళ్ళు కాపురాలున్న పేటలో జాకెట్లు కుడుతుంది. భర్త పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు, పెళ్ళిళ్ళయిపోయాయి. అరవైల్లో మనవాళ్ళని బర్మా నుంచి పంపించేసినప్పుడు ఓడలో వచ్చిందట. అప్పుడిచ్చిన కాగితం కవరులోంచి తీసి నా ముందు పెట్టింది.

తండ్రి పేరు వీరాస్వామి. తండ్రి సొంత ఊరు మా ఊరు. తల్లి పేరు ఉండాల్సిన చోట ఒక గీత.

మా ఊళ్ళో వీరాస్వామి అనే పేరుతో రంగూన్ వెళ్ళి వచ్చినవాడు ఒక్కడే. మా తాత. నాన్న పుట్టాక, నాయనమ్మని ఊళ్ళో వదిలి, కాకినాడలో ఓడెక్కి వెళ్ళి బియ్యం మిల్లులో పనిచేశాడు. జపాను వాళ్ళు బాంబులు వేసినప్పుడు అడవులూ కొండలూ దాటుకుంటూ నడిచి ఇంటికొచ్చాడు. నేను పుట్టడానికి ఏడాది ముందే పోయాడు. ఆయన నడిచొచ్చిన కథ మా ఇంట్లో ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒకరు చెప్పాల్సిందే. ఆ కథలో ఆయన ఒక్కడే నడుస్తాడు.

నా మొహంలో ఏం కనిపించిందో, ఆవిడే ముందు అంది.

"మీ తాతగారే కదండీ. ఊళ్ళో చెప్పారు. కంగారుపడకండి బాబూ, నాకు మీ పొలమొద్దు, పుట్రొద్దు. మా అమ్మ పేరు కావాలి."

ఆవిడకి నాలుగేళ్ళప్పుడు రంగూన్‌లో బాంబులు పడ్డాయి. ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆ పిల్లని పక్క గదివాళ్ళ దగ్గర పెట్టి తల్లీ తండ్రీ బయల్దేరారు. దారి చక్కబడ్డాక వచ్చి తీసుకెళ్తామన్నారు. ఎవరూ రాలేదు. ఆ పక్క గదివాళ్ళే పెంచారు. వాళ్ళు తండ్రి పేరూ ఊరూ చెప్పారు గానీ తల్లి పేరు వాళ్ళకే తెలియదు.

"మిల్లు కూలీల లైన్లలో ఆడోళ్ళని పేరెట్టి ఎవరు పిలుస్తారండీ? నూకరత్నం తల్లి అనే అనేవోరంట. నన్ను బట్టి మా అమ్మకి పేరు. నాకేమో మా అమ్మ పేరు తెలీదు. ఎవరికన్నా చెప్తే నవ్వుతారు."

తను కూడా కొంచెం నవ్వింది.

పుష్కరాల్లో తల్లికి పిండం పెట్టించాలని ఆవిడ ఆశ. అల్లుడు పెడతానన్నాడు. రేవులో పంతులుగారిని ముందే అడిగితే పేరు కావాలన్నారు. తెలియదంటే, పర్వాలేదు, గోదావరి అని చదివేస్తానన్నారట.

"పేరు తెలీనోళ్ళందరికీ గోదావరేనంటండీ. నేనేమో, అంత మందిలో మా అమ్మ అది తనకని ఎలా అనుకుంటాది అన్నాను. పంతులుగారికి కోపమొచ్చింది."

వారం ఆగి రమ్మన్నాను.

నడిచి వచ్చినవాళ్ళ పేర్లు ఊరూరా కరణాలు ఆ రోజుల్లో రాసి ఉంచారు. పేరు, తండ్రి పేరు, వయసు, అక్కడ చేసిన పని, వెంట వచ్చినవాళ్ళు, చివర ఇతర వివరాలకి ఒక గడి. మా ఊరి జాబితా మూడో రోజున దొరికింది. మధ్యాహ్నం, అన్నాలయ్యాక. గదిలో నాతో అటెండరు సూరిబాబు ఉన్నాడు. స్టూలు మీద కూర్చుని వేరే కట్టకి తాడు విప్పుతున్నాడు. కిటికీలోంచి ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది. నేను సరిగా చూడలేదనడానికి వీల్లేదు.

మా ఊరి కింద తొమ్మిది పేర్లున్నాయి. ఎనిమిదోది మా తాతది. చివరి గడిలో ఎర్రసిరా. ఆ ఎరుపు ఇటుకరాయి రంగుకి దిగిపోయింది. వేలు పెట్టి, అలవాటు ప్రకారం పైకే చదివాను.

"భార్య సన్యాసమ్మ, దారిలో కాలం చేసినది. కూతురు నాలుగేండ్లది, రంగూన్‌లో నిలిచిపోయినది."

సన్యాసమ్మ. మా వైపు ఆడపిల్లలకి ఆ పేరు పెట్టరు. విశాఖపట్నం అవతల ఊళ్ళలో వినిపిస్తుంది. అంటే అక్కడి నుంచి రంగూన్ వెళ్ళిన ఏ కుటుంబపు పిల్లో అయి ఉంటుందని కూడా అప్పుడే అనుకున్నాను. సూరిబాబు తలెత్తి ఏదో అన్నాడు. ఏం లేదులే అని కట్ట మూసేశాను.

ఆ సాయంత్రం నాన్నకి చెప్పాను. వరండాలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. తాతకి అక్కడ ఇంకో సంసారం ఉందంటే ఆయన అదరలేదు, బెదరలేదు. మగాళ్ళు అంత దూరం పోతే మామూలేలే అన్నాడు. పేరు చెప్పేసరికి చుట్ట నోట్లోంచి తీశాడు.

"ఆ పేరు నీకెవడు చెప్పేడ్రా?"

"కాగితంలో ఉంది నాన్నా."

చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు. తనకి పదిహేనేళ్ళప్పటి నుంచీ మహాలయ అమావాస్యకి తాతతో కొవ్వూరు రేవుకి వెళ్ళేవాడట. తాత పెద్దలందరికీ నువ్వులూ నీళ్ళూ వదిలి, పంతులుగారు లేచి వెళ్ళిపోయాక, ఇంకో దోసెడు నీళ్ళు తీసుకుని ఒక పేరు మెల్లగా పలికి వదిలేవాడట. ఏటా అదే పేరు. ఎవరు నాన్నా అని ఒకసారి అడిగితే, నీకనవసరం అన్నాడట. తాత పోయాక తర్పణాలు నాన్న చేతికొచ్చాయి. ఆ పేరు మాత్రం ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఆ పేరు ఇంట్లో ఎవరి దగ్గరా, నాయనమ్మ దగ్గర కూడా, తీయలేదని నాన్న చెప్పాడు.

"ఆవిడకి లేదని చెప్పెయ్" అన్నాడు.

"పొలం వద్దంది నాన్నా. పేరు చాలంది."

"ఇవాళ పేరంటాది. రేపు ఆ పేరున పిండం పెట్టిస్తాది. ఊరందరి ముందూ పిండం పడ్డాక కూతురు కాదని ఎవడంటాడ్రా? మీ బాబాయీ నేనూ పంపకాల్లో ఉన్నాం, ఇప్పుడా?"

మా ఊళ్ళలో ఇదొక నమ్మకం. రేవులో ఎవరి పేరు చదివితే వాళ్ళ పిల్లల్ని వాటాదారులుగా ఒప్పుకున్నట్టేనని. చట్టంలో అలాంటిదేమీ లేదు. పిండానికీ పట్టాకీ సంబంధం లేదని రెవెన్యూలో పనిచేసే నాకు తెలియనిది కాదు. ఆ మాట నాన్నతో అనలేదు. నిజం చెప్పాలంటే పొలం కన్నా నాకు తాత కథ ముద్దు. ఆ నడకలో ఒక ఆడమనిషి పడిపోయిందనీ, వెనకాల జ్వరంతో ఒక పసిపిల్ల ఉండిపోయిందనీ తెలిస్తే, ఆ కథ మళ్ళీ ఏ పెళ్ళిలోనూ అలా చెప్పుకోలేం.

వారానికి ఆవిడ వచ్చింది. నా క్యారేజీకని గుడ్డసంచి కుట్టి తెచ్చింది, అంచుకి నీలం దారంతో పూలు. ఆ సంచి చేతిలో పెట్టాకే అడిగింది.

"జాబితా దొరికిందండి. మా తాత పేరుంది" అన్నాను. "చివరి గడిలో గీత గీసి వదిలేశారు. ఏమీ రాయలేదు."

"గీతేనా అండి?"

"గీతే."

"ఇంకోసారి చూస్తారా బాబూ? మీ కళ్ళు అలిసిపోయి ఉంటాయేమో."

"చూశానండి. రెండుసార్లు చూశాను."

కాగితం మడిచి కవరులో పెట్టుకుంది. నా టైము పాడుచేసిందని ఏదో సర్దుకుని చెప్పి, గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులేసుకుని, ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు. ఆ సంచి వాడలేకపోయాను. పారేయలేకపోయాను.

పుష్కరాల్లో నాన్నా నేనూ కొవ్వూరులో పిండాలు పెట్టాం. ఎవరి పిండాలు వాళ్ళే చుట్టుకోవాలి. పంతులుగారు పేర్లు అడిగి వేళ్ళ మీద లెక్క చెప్పారు. అన్నం ముద్దలు నాన్నే తన చేత్తో చుట్టి విస్తట్లో వరసగా పెట్టాడు. పేర్లు చదవడం అయ్యేసరికి ఒకటి మిగిలింది.

"ఒకటి ఎక్కువ చుట్టారండీ. ఎవరి పేరు మీద?" అని పంతులుగారు అడిగారు.

"ఎవరూ లేరండి" అన్నాడు నాన్న.

"పోనీ ధర్మపిండం ఇంకా పెట్టలేదు కదా, ఎవరూ లేనివాళ్ళకి. దాని కిందకి వేసేయండి."

నాన్న ఆ ముద్ద తీసుకుని చాలాసేపు పట్టుకున్నాడు. వెనక జనం తోసుకొస్తున్నారు. పంతులుగారు తొందరపెడుతున్నారు. లెక్క తప్పడం పెద్ద వింత కాదు, అంత రద్దీలో ఎవరికైనా జరుగుతుంది. అందుకే అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. ఇంటికొచ్చే దారిలో బస్సులో నాన్న ఒకే మాట అన్నాడు. "నేను లెక్కపెట్టే చుట్టేన్రా." ఆ తర్వాత ఆ విషయం మా మధ్య ఎప్పుడూ రాలేదు. ఏడేళ్ళకి ఆయన పోయాడు.

నాన్న పోయాక నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు. పంపకాలు ఎప్పుడో అయిపోయాయి. రాజమండ్రి గంట ప్రయాణం. అయినా వెళ్ళలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే ఏమంటాను? ప్రతి ఏడాదీ ఆ ప్రశ్న ఇంకొంచెం పెద్దదవుతూ వచ్చింది.

ఈ మధ్యలోనే ఆఫీసులో ఇంకో సంగతి మొదలైంది. పాత దస్తావేజులకి నకళ్ళు రాయడం నా పని. ఒకరోజు దగ్గర్లోని ఊరి రైతు ఒకాయన నేనిచ్చిన నకలు పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

"ఏంటండీ బాబూ ఇది? మా తాతకి పెళ్ళాం పేరు తెలీక అసల్లో గీత గీసి వదిలేరు. మీరేమో సన్యాసమ్మని రాసేరు. పోయినోడికి ఇప్పుడు కొత్తగా పెళ్ళి చేసేరేంటి?"

ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నకలు తీసుకుని చూశాను. నా చేతిరాతే. అసల్లో ఆ చోట ఒక గీత ఉంది. నా నకలులో ఆ గీత ఉండాల్సిన చోట ఆ పేరు, తీరిగ్గా, గుండ్రంగా రాసి ఉంది. రాసినట్టు నాకు గుర్తులేదు. కొత్తది రాసిచ్చాను.

నాలుగు నెలలకి మళ్ళీ జరిగింది. అది వేరే ఊరు, వేరే కుటుంబం. ఈసారి బయటికి వెళ్ళకముందే నేనే చూసుకున్నాను. మొత్తం మూడుసార్లు. మూడుసార్లూ అసలు కాగితంలో గీత ఉన్న చోటే. మనసులో ఉన్నది చేతిలోకి దిగిందని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే కావచ్చు. ఆ తర్వాత మాత్రం గీత ఉన్న ప్రతి చోటా నకలు మీద అట్టముక్క అడ్డం పెట్టి, ఆ గడిని చివర్న విడిగా రాసేవాణ్ణి. తోటి గుమాస్తాలు అదేదో శ్రద్ధ అనుకున్నారు.

2003లో పుష్కరాలు మళ్ళీ వచ్చాయి. రేవుల్లో మెట్లు బాగుచేస్తున్నారని, రోడ్లు వేస్తున్నారని పేపర్లో రోజూ వస్తోంది. ఆవిడ బతికుంటే అరవై అయిదేళ్ళుంటాయి. ఇంకో పన్నెండేళ్ళు ఉంటుందో లేదో, నేనుంటానో లేనో తెలియదు. వెళ్ళాలని నిశ్చయించుకున్నాను. వట్టి చేతుల్తో కాదు, ఆ జాబితాకి నకలు తీసుకుని. అప్పుడు సరిగా కనబడలేదని చెప్పి, కాగితం ఆవిడ చేతిలో పెట్టి వచ్చేయొచ్చు. అంటే ఒప్పుకోవడానికి వెళ్తూ కూడా ఇంకో అబద్ధం సిద్ధం చేసుకున్నాను.

కట్ట నేను పెట్టిన చోటే ఉంది. పైన నేను రాసి అంటించిన చీటీ కూడా అలాగే ఉంది. ఈసారీ పట్టపగలే. మా ఊరి జాబితా తీశాను. తొమ్మిది పేర్లు. ఎనిమిదోది మా తాతది.

చివరి గడిలో గీత ఉంది.

కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాను. గోకిన గుర్తు లేదు, తడిసిన మరక లేదు. ఆ గీత, ఆ వరసలో మిగిలిన అక్షరాలు, ఒకే కలంతో ఒకే నల్లసిరాతో రాసినవి. ఆ పేజీలో ఎక్కడా ఎరుపు లేదు. వెనక పేజీలో లేదు. ఆ కట్ట మొత్తంలో లేదు. ఇంకో ప్రతి ఉందేమోనని రెండు రోజులు గదంతా వెతికాను. లేదు.

పన్నెండేళ్ళ క్రితం ఆవిడకి నేను చెప్పింది అక్షరం పొల్లు పోకుండా కాగితం మీద ఉంది.

సూరిబాబు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు, రిటైర్మెంటుకి దగ్గర్లో. పిలిచి, అప్పుడు నేను ఈ కట్ట చదివిన రోజు గుర్తుందా అని అడిగాను. గుర్తుండదనుకున్నాను.

"ఎందుకు గుర్తులేదండీ. బర్మా ఆవిడ కోసం చూశారు. వేలెట్టి చదివారు. ఎవరో సన్యాసమ్మ, దారిలో పోయిందన్నారు."

"నువ్వు తలెత్తి ఏదో అన్నావు. ఏమన్నావు?"

సూరిబాబు ఇబ్బందిగా నవ్వాడు. "అక్కడేం లేదు కదండీ, గీతే ఉంది కదా, ఎక్కడ చదువుతున్నారు అన్నాను. మీరు ఏం లేదులే అని మూసేశారు. గొలుసుకట్టు నాకేం తెలుసులెండి, గీతలో కూడా ఏదన్నా రాసుంటాదేమో అనుకున్నాను."

అక్కడే స్టూలు మీద కూర్చున్నాను.

నాకు తెలిసిన సమాధానాలన్నీ వెతికాను. ఆ పేరు చిన్నప్పుడు ఇంట్లో ఎవరో అనగా విని ఉంటాను. కానీ నాన్న ఎవరి దగ్గరా అనలేదన్నాడు, అబద్ధం చెప్పాల్సిన పని ఆయనకి లేదు. సూరిబాబు పొరబడి ఉంటాడు. కానీ గీత నా ముందే ఉంది. ఎర్రసిరా ఎండకి ఎగిరిపోయి ఉంటుంది. కానీ ఎగిరిపోయిన చోట నల్లగీత ఎలా పుడుతుంది? నా కళ్ళు నన్ను మోసం చేశాయనుకుందాం. మరి తాత ఏటా గోదావరిలో వదిలిన పేరే, మా వైపు ఎవరూ పెట్టని పేరే, నా నోటికి ఎందుకొచ్చింది? రికార్డు రూములో పనిచేసినవాడిగా నేను చెప్పగలిగేది ఇంతే. నేను చదివాను. అక్కడ లేదు. ఈ రెండూ నిజమే. ఎలాగో ఇవాళ్టికీ నాకు తెలియదు.

ఆ రోజు అంతకన్నా వణికించింది ఇంకొకటి. కాగితం ప్రకారం చూస్తే నేను ఆవిడకి అబద్ధమే చెప్పలేదు. ఎవరైనా వచ్చి తనిఖీ చేసినా నన్ను తప్పుపట్టరు. తప్పించుకోవడానికి దారి దానంతటదే తెరుచుకుంది. ఒక పూట ఆ దారి వైపు చూశానని కూడా ఇక్కడే రాస్తున్నాను.

పుష్కరాలు ఇంకా అయిదు రోజులున్నాయనగా రాజమండ్రి వెళ్ళాను. పేట కనుక్కోవడం కష్టం కాలేదు. ఆవిడ వాకిట్లో మిషను మీద కుడుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. కళ్ళద్దాలు ముక్కు మీదకి దింపి నన్ను చూసి వెంటనే గుర్తుపట్టింది.

"రండి బాబూ. ఏంటిలా వచ్చారు? మళ్ళీ ఏదన్నా కాగితం దొరికిందా?"

ఆ 'మళ్ళీ'లో వెటకారం లేదు. పన్నెండేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి గొంతు అది.

"కాగితం లేదండి" అన్నాను. "కాగితంలో గీతే ఉంది."

"అది అప్పుడే చెప్పారు కదండీ." మళ్ళీ కుట్టు వైపు తిరగబోయింది.

నేను కుర్చీలో కూర్చోలేదు. మిషను పక్కన నేల మీద కూర్చున్నాను. అయ్యో, అదేంటండీ, పైన కూర్చోండని ఆవిడ లేవబోయింది. ఆగమని చెప్పి మొదలుపెట్టాను. జాబితా, ఎర్రసిరా, నాన్న మాట, మహాలయ అమావాస్యలు, మిగిలిన పిండం, నకళ్ళు, సూరిబాబు, అన్నీ. ఒక్కటీ దాచలేదు, నా తప్పు బయటపెట్టేవి అసలు దాచలేదు. తల్లి దారిలోనే పోయిందన్నప్పుడు ఆవిడ తల ఊపింది. అది ఎప్పుడో ఊహించుకున్నట్టుంది. మిషను చక్రం మీద పెట్టిన చెయ్యి మాత్రం తీయలేదు.

అంతా విన్నాక అడిగింది. "అప్పుడు పేరు కనబడితే లేదన్నారు. ఇప్పుడు కాగితంలో లేకపోతే ఉందంటున్నారు. దేన్ని నమ్మమంటారు?"

న్యాయమైన ప్రశ్న. నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఒకసారి ఆవిడ దగ్గర అబద్ధమాడిన నోరు తప్ప వేరే సాక్ష్యం లేదు. నమ్మమని అడిగే హక్కు లేదని, నమ్మినా నమ్మకపోయినా కొవ్వూరు రేవులో మా తాత పేరు పక్కన ఆ పేరు ఊరందరూ వినేలా నేనే చదివిస్తాననీ, పిండం నేనే పెడతాననీ చెప్పాను. తర్వాత, ఆవిడ నాకు ఏమవుతుందో మొదటి రోజు నుంచీ తెలిసి కూడా ఎన్నడూ పిలవని పిలుపు పిలిచాను.

"అత్తయ్యా, మీ అమ్మ పేరు సన్యాసమ్మ. మీరు నన్ను అడిగిన రోజే నాకు తెలుసు. కళ్ళు అలిసిపోయి కాదు, కనబడక కాదు. చెప్పకూడదనే చెప్పలేదు. మా నాన్న వద్దన్నాడు, కానీ మీ మొహం చూసి లేదన్నది నేను. నాన్న పోయాక కూడా అయిదేళ్ళు రాకుండా ఉన్నది నేను. మీకు మీ అమ్మని లేకుండా చేశాను. నన్ను క్షమించండి."